రాత్రిళ్లు బీచ్‌లో కాపలాకి వెళ్తున్నావట

అమ్మడూ,

తాబేళ్ల గుడ్లు కాపాడే జట్టులో చేరావని, జనవరి నుంచి తెల్లవారుజామున విశాఖ జోడుగుళ్లపాలెం బీచ్‌లో తిరుగుతావని మీ అమ్మ ఫోన్ చేసింది. నేను నాలుగు చివాట్లు పెట్టి మాన్పిస్తానని దాని ఆశ. నాకేమో ఒక పక్క గుండె దడ, ఇంకో పక్క చెప్పలేనంత మురిపెం.

టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టు, తెల్ల లైటు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు. అటవీ శాఖ వాళ్ల అనుమతి లేకుండా గుడ్డు ముట్టుకోకు, మన తీరానికొచ్చే ఈ ఆలివ్ రిడ్లే తాబేలు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. ఒంటరిగా నడవకు. ఇవన్నీ మీ వాళ్లూ చెప్తారు.

కుక్కల సంగతి మాత్రం నేను వదలను. గుడ్ల వాసనకి గుంపులుగా వస్తాయి, తవ్వే కుక్కని అదిలిస్తే మన మీదకి తిరుగుతుంది. నేనూ ఈ పని చేసిన రోజుల్లో మా జట్టులో ఒకబ్బాయి పిక్క మీద పన్ను గీరుకుంటే ఇంట్లో తిడతారని దాచేశాడు, తెలిశాక మాకెవరికీ అన్నం సయించలేదు. ఏమీ కాలేదనుకో. నువ్వు మాత్రం రేబీస్ టీకా ముందే వేయించుకో. చిన్న గాటైనా సబ్బుతో 15 నిమిషాలు కడిగి నేరుగా ఆసుపత్రికి పో.

ఇక అసలు సంగతి. ఒక హేచరీలో, అదే గుడ్లు తెచ్చి పూడ్చి పిల్లలయ్యేదాకా కాపాడే చోట, పేరు ఎందుకులే, కొత్తగా వచ్చిన కాలేజీ పిల్లలకి ఒక గుంత దొరికింది. తాబేలు రాత్రెప్పుడో పెట్టి వెళ్లిపోయింది, వీళ్లు చూసేసరికి ఎండెక్కింది. సంబరం ఆగలేదు పాపం. ఒక్కో గుడ్డూ తీసి తువ్వాలుతో ఇసుక తుడిచి, చేతులు మార్చుకుని ఫోటోలు దిగి, టబ్బులో మామిడికాయలు పోసినట్టు పోసి, గతుకుల రోడ్డు మీద బండిపై తెచ్చారు. పూడ్చారు, తేదీ రాసి పలక పాతారు. 45 నుంచి 55 రోజుల్లో పిల్లలు రావాలి. అరవై దాటినా ఇసుక కదల్లేదు. తవ్వితే గుడ్లన్నీ సొట్టలు పడి మెత్తగా ఉన్నాయి, కంపు కొడుతున్నాయి. ఒక పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది.

గుడ్డు పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పైవైపు పెంకుకి అతుక్కుంటుంది. ఆ తర్వాత తిప్పితే లోపలి పొర చిరిగి చచ్చిపోతుంది. అందుకే, తల్లి ఇప్పుడే పెట్టి వెళ్తుంటేనే మార్చండి, అదీ ఏ వైపు పైకుంటే అదే వైపు ఉంచి, కుదుపు లేకుండా, నడిచి. కొత్త గుంత కూడా తల్లి తవ్వినట్టే ఒకటిన్నర అడుగు లోతు, మెడ సన్నగా, అడుగున కుండలా. ఆలస్యమైతే కదపొద్దు, అక్కడే చుట్టూ వల కంచె కట్టి కాపలా కూర్చోండి. చేతులు కట్టుకుని కూర్చోవడమే కష్టం, నీకు మరీనూ, చిన్నప్పటినుంచీ అంతేగా!

ఒక్కసారి మాత్రం తల్లి గుంత పూడ్చడం చూడు. ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ధబ్ ధబ్‌మని ఇసుక అదుముతుంది, కళ్లమ్మట నీళ్లు కారుతుంటాయి. అది ఒంట్లోని ఉప్పు బయటికి పోవడమేనని తెలిసినా నా గొంతు పట్టేసేది. పిల్లలు పుట్టాక ముద్దొస్తున్నాయని చేత్తో నీళ్లలో వదలకు, ఇసుక మీద వాటిని నడవనివ్వు. రోడ్డు దీపాల వైపు పోతుంటే మాత్రం అడ్డం నిలబడు.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్లూ కనబడతాయి. ట్రాలర్ల, అదే పెద్ద మరపడవల, వలలో చిక్కి పైకొచ్చి గాలి పీల్చలేక పోయినవే చాలా వరకు. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, అప్పటికి గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది. ఆ కోపం పల్లెలో జాలర్ల మీద చూపించకు. వాళ్ల తెప్పలు వేరు, ట్రాలర్లు వేరు. పైగా తాబేలు జాడ నీకంటే ముందు కనిపెట్టేది వాళ్లే, వరస కలిపి మాట్లాడు, టీ ఇప్పించు.

టీకా చీటీ ఫోటో ఈ వారంలోనే వాట్సాప్‌లో పంపు. లేకపోతే నేనే బస్సెక్కి వస్తా.

మీ పెదనాన్న