టెక్సాస్ నర్సింగ్ లైసెన్స్‌తో కాలిఫోర్నియాలో డ్యూటీ చేయొచ్చా?

ప్రశ్న: మేడమ్, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఎల్‌వీఎన్‌గా (లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్) పనిచేస్తున్నాను. మావారికి శాన్ హోసేలో ఉద్యోగం వచ్చింది, పిల్లల వేసవి సెలవుల్లో మారిపోతాం. నాది మల్టీస్టేట్ లైసెన్స్, అంటే కాంపాక్ట్‌లో (ఒకరి నర్సింగ్ లైసెన్స్‌ను ఇంకొకరు ఒప్పుకునే రాష్ట్రాల ఒప్పందం) ఉన్న రాష్ట్రాలన్నిటిలో చెల్లేది. ‘కాంపాక్ట్ ఉంది కదా, ఎక్కడైనా చెల్లుతుంది, వచ్చి చేరిపోండి’ అంటున్నాడు అక్కడి రిక్రూటర్. నిజమేనా? మళ్లీ ఎన్‌క్లెక్స్ (నర్సింగ్ లైసెన్స్ పరీక్ష) రాయమంటారేమోనని ఒకటే టెన్షన్.

జవాబు: పరీక్ష సంగతి వదిలేయండి. ఎన్‌క్లెక్స్-పీఎన్ దేశమంతటికీ ఒకటే, పాసయ్యారు, అయిపోయింది. రిక్రూటర్ మాట మాత్రం నమ్మకండి. కాలిఫోర్నియా కాంపాక్ట్‌లో లేదు, న్యూయార్క్, ఇల్లినాయ్ కూడా లేవు. పేషెంట్ ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలో చెల్లే లైసెన్స్ మీ చేతిలో ఉండాలి, లేకుండా ఒక్క షిఫ్ట్ చేసినా మచ్చ పడేది మీ లైసెన్స్‌కే గానీ ఆ రిక్రూటర్‌కేం కాదు. పైగా మీ స్థిరనివాసం కాలిఫోర్నియాకు మారిందంటే, ఇప్పుడున్న మల్టీస్టేట్ కాస్తా ఒక్క టెక్సాస్‌కే పరిమితమైపోతుంది.

మీరు చేయాల్సింది ఎండార్స్‌మెంట్ ద్వారా, అంటే ఉన్న లైసెన్స్ ఆధారంగా పరీక్ష లేకుండా, అప్లై చేయడం. ఆర్ఎన్‌ల (రిజిస్టర్డ్ నర్సుల) బోర్డు వేరు, మీది వేరు. శాక్రమెంటోలోని వొకేషనల్ నర్సింగ్ అండ్ సైకియాట్రిక్ టెక్నీషియన్స్ బోర్డు మీది, ఫ్రెండ్ ఎవరో ఆర్ఎన్ పంపిన లింకులో ఫీజు కట్టేయకండి. అప్లికేషన్, ఫీజు, కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్, టెక్సాస్ లైసెన్స్ వెరిఫికేషన్, వేలిముద్రలు, ఇంతే. ఆలస్యం ఎక్కువగా అయ్యేది వేలిముద్రల దగ్గర. కాలిఫోర్నియాలో లైవ్ స్కాన్ అని కంప్యూటర్ మీద తీస్తారు, బయట ఉన్నవాళ్లు ఇంకు ముద్రల కార్డు పంపాలి, దానికి టైమ్ పడుతుంది. ఇల్లు చూసుకోవడానికి ఎలాగూ ఒకసారి వెళ్తారుగా, బోర్డు ఇచ్చే లైవ్ స్కాన్ ఫారం ప్రింట్ తీసుకెళ్లి ఆ పని కూడా ముగించుకుని రండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తంటా ఒకటుంది, పేర్లు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు, లైసెన్స్‌లో భర్త ఇంటిపేరు, ఇంకో కాగితంలో ఇంటిపేరు బదులు ఉత్త పొడి అక్షరం. మనకది మామూలే, ఫైలు చూసే క్లర్కుకు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ ముందే జత చేయండి.

లైసెన్స్ వచ్చినా పని అచ్చం టెక్సాస్‌లోలాగే ఉంటుందనుకోకండి. కాలిఫోర్నియాలో ఎల్‌వీఎన్ ఐవీ (నరంలోకి ఎక్కించే డ్రిప్) పెట్టాలంటే బోర్డు గుర్తింపు ఉన్న ఐవీ సర్టిఫికేషన్ విడిగా కావాలి. అది ఉన్నా ఫ్లూయిడ్స్ వరకే, ఐవీలో మందులు ఇవ్వడం సాధారణంగా కుదరదు. ఇంటర్వ్యూలోనే ఈ విషయం అడిగేయండి. టెక్సాస్ లైసెన్స్‌ను ఇప్పుడే లాప్స్ కానివ్వకండి, ఇక్కడి రాజీనామా కూడా కాలిఫోర్నియా లైసెన్స్ నంబరు చేతికొచ్చాకే.

ప్రశ్న: మేం హ్యూస్టన్ నుంచి షార్లెట్‌కు మారుతున్నాం. టెక్సాస్, నార్త్ కరోలినా రెండూ కాంపాక్టే కాబట్టి నేనేమీ చేయక్కర్లేదని మా స్టాఫ్ అంటున్నారు. నేనూ ఎల్‌వీఎన్‌నే.

జవాబు: చేయాలండీ. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తున్నారు. ఒక కాంపాక్ట్ రాష్ట్రం నుంచి ఇంకో కాంపాక్ట్ రాష్ట్రానికి కాపురం మారిస్తే 60 రోజుల్లోపు కొత్త రాష్ట్రంలో మల్టీస్టేట్ లైసెన్స్‌కు అప్లై చేయాలని 2024 జనవరి 2 నుంచి రూలు. అది వచ్చేలోగా టెక్సాస్ లైసెన్స్‌తోనే డ్యూటీ చేసుకోవచ్చు, జీతానికి ఇబ్బంది లేదు. అక్కడ మిమ్మల్ని ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) అంటారు, కంగారు పడకండి. వెళ్లగానే డ్రైవింగ్ లైసెన్స్ మార్పించుకోండి, మీరు అక్కడే ఉంటున్నారనడానికి బోర్డు చూసే కాగితాల్లో అదొకటి.