కోట నుంచి మూడు లాంతర్ల దాకా: విజయనగరంలో ఒక పూట నడక

విశాఖ నుంచి పొద్దున్న రైలుకి వచ్చి సాయంత్రం వెళ్లిపోతాను, కోట తప్ప విజయనగరం పాత ఊళ్లో నడిచి చూడ్డానికి ఏముంది అని అడిగారు కదా. అది మా అత్తవారి ఊరు. వెళ్లినప్పుడల్లా నా పని ఇదే. కారు లేకపోవడమే నయం, ఆ రోడ్లలో పార్కింగ్ టెన్షన్ ఎందుకు?

స్టేషన్ దగ్గరే పైడితల్లి అమ్మవారి వనంగుడి. దణ్ణం పెట్టుకుని మూడు లాంతర్ల జంక్షన్ వైపు నడవండి. అక్కడున్నది అదే అమ్మవారి చదురుగుడి. దసరా తర్వాత వచ్చే మంగళవారం పొడవాటి చింతమాను చివర పూజారిని కూర్చోబెట్టి, ఈ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. అదే సిరిమాను ఉత్సవం. మీరూ ఆ దారే పట్టుకోండి. మామూలు రోజున స్కూటర్లు, తోపుడుబళ్లతో కిక్కిరిసి ఉండే రోడ్డు అది. ఇందులో అంత మాను ఎలా తిరుగుతుందో అనిపిస్తుంది. ఆ రోజు రోడ్డు పక్క మేడలకి ఉండే గిరాకీ అంతా ఇంతా కాదు, ఎప్పుడూ ఫోన్ చెయ్యని చుట్టాలు కూడా దిగిపోతారు. మూడు లాంతర్ల దగ్గరి పాత స్తంభాన్ని 2020లో కూల్చినప్పుడు ఊళ్లో పెద్ద గొడవే అయింది.

గంటస్తంభం 1885 నాటిది, ఎనిమిది పలకల కట్టడం. చుట్టూ బజారు. షాపులు పూర్తిగా తెరవకముందే వెళ్తే తల పైకెత్తి తీరిగ్గా చూడొచ్చు. తర్వాతైతే ఎవరో ఒకరు హారన్ కొట్టి తప్పుకోమంటారు.

కోట 1713లో మొదలుపెట్టింది. లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి గేటు దగ్గర అడిగి వెళ్లండి. నిజం చెప్పాలంటే నాకు లోపలికన్నా బయట గోడ వెంట నడవడమే ఇష్టం.

కోట దగ్గరే బొంకులదిబ్బ. కన్యాశుల్కం మొదటి రంగం జరిగేది అక్కడే. బోర్డేమీ ఉండదు. నేను మొదటిసారి దారి అడిగితే కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన "ఏటి బాబూ, గిరీశం కోసమేనా?" అన్నాడు. ఆ నాటకాన్ని 1892లో మొదట ఆడింది కూడా ఈ ఊళ్లోనే. గురజాడ ఇల్లు కూడా చూసిరండి, స్మారకంగా ఉంచారు.

ఇక సంగీత కళాశాల. ఇది మాత్రం వదలొద్దు, అందుకే ఆదివారం రావద్దంటాను. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం నేర్పించాలని రాజావారు 1919లో పెట్టారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వయొలిన్ విని ఏకంగా అధ్యాపకుణ్ణి చేశారట. ఘంటసాల ఇక్కడ చదువుకునే రోజుల్లో వారాలు చేసుకుని (రోజుకో ఇంట్లో భోజనం), జోలె పట్టి మధుకరం, అంటే ఇంటింటా అడిగిన అన్నం, ఎత్తుకుని తిన్నారు. పి.సుశీల కూడా ఇక్కడి విద్యార్థే. ఇంత చరిత్ర ఉన్నా లోపల హడావుడేమీ ఉండదు. ఒక గదిలో పిల్లలు సరళీస్వరాలు పాడుతుంటారు, పక్క గదిలో ఎవరో మృదంగం మీద ఒకే జతిని తప్పు పోయేదాకా వాయిస్తుంటారు, వరండాలో నిలబడితే రెండూ కలిసిపోయి వినిపిస్తాయి. క్లాసుకి అడ్డం రాకుండా నిలబడితే చాలు.

భోజనానికి గంటస్తంభం వైపు వచ్చేయండి, హోటళ్లకి కొదవ లేదు. ఎండాకాలమైతే మధ్యాహ్నం నడక మానుకుని అయ్యకోనేరు గట్టుని సాయంత్రానికి ఉంచుకోండి. రాముడి గుడి ఉన్న రామతీర్థం కూడా ఇదే రోజు ఇరికించాలని చూడకండి. దానికి బస్సెక్కాలి, పైగా కొండలున్నాయి, ఇంకో రోజు పెట్టుకోవడమే మంచిది.