ఒకే నదిలో చోటు మారితే డయాటమ్‌లు ఎందుకు మారతాయి?

నదిలో రాయి మీద కాలు పెడితే జర్రున జారుతుంది కదా, ఆ గోధుమరంగు జిగురులో తరచూ ఎక్కువగా ఉండేవి డయాటమ్‌లే. గాజులాంటి సిలికా పెంకున్న ఏకకణ శైవలాలు ఇవి. ఏది ఎక్కడ బతకాలో తేల్చడంలో ప్రవాహానిది పెద్ద పాత్ర. నీళ్లు ఉరికేచోట కొకోనీస్ అనే రకం డయాటమ్ రాయికి బిళ్లలా అతుక్కుపోతుంది. గాంఫోనీమా అనే మరో రకం జిగురు కాడ మీద పైకి లేచి వెలుతురు అందుకుంటుంది, కానీ వరదొస్తే సులువుగా కొట్టుకుపోతుంది. బురద పేరుకున్నచోట పాకగలిగే నావిక్యులా, నిట్షియాలదే రాజ్యం. మట్టి కప్పేసినా పైకి వచ్చేస్తాయి. ఇక నీటి రసాయనం: ఆమ్లగుణం ఉంటే యునోషియా, మురుగు కలిస్తే నిట్షియా పేలియా పెరుగుతాయి. ఉష్ణోగ్రత, నీడ కూడా లెక్కలోకొస్తాయి. నన్నడిగితే నీటి నాణ్యత తెలుసుకోవడానికి ఒక్కసారి తీసిన మీటర్ రీడింగ్ కన్నా ఈ డయాటమ్‌లే నయం. అది ఆ క్షణం సంగతే చెబుతుంది, ఇవి గడిచిన కొన్ని వారాల సంగతి చెబుతాయి.