అమ్మకి తెలుసు చెల్లీ, ఆవిడ్ని మాట్లాడనివ్వండి

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఒక చెల్లి రాశారు. అమ్మకి 71, కేన్సర్ లివర్‌కి పాకింది, విశాఖలో డాక్టర్లు ఇంక ఇంటికి తీసుకెళ్లిపోండన్నారట. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య అమ్మకి చెప్పొద్దు అన్నాడు. అమ్మేమో "నన్ను మీ నాన్న పక్కనే పెట్టండే" అంటూంటే ఈవిడ "అలాగనకమ్మా, ప్రభువు బాగుచేస్తాడు" అనేసి లేచెళ్లిపోతున్నారు. చావు గురించి మాట్లాడితే విశ్వాసం తప్పినట్టేనా అక్కా అని అడుగుతున్నారు.

చెల్లీ, సమాధి ఎక్కడో చెప్తున్న మనిషికి జబ్బు సంగతి తెలీదని ఎలా అనుకున్నారమ్మా, తెలీనట్టు ఉంటున్నది మీకోసమే, మీరు తట్టుకోలేరని. అంటే రోగం ఆవిడది, ఓదార్చే పని కూడా ఆవిడదే అయిపోయింది.

విశ్వాసం మాటకొస్తే, ఆదికాండంలో యాకోబు చూడండి, జబ్బుగా ఉన్నవాడు యోసేపు వచ్చాడనగానే బలం తెచ్చుకుని మంచం మీద లేచి కూర్చున్నాడు, మనవల తలమీద చేతులు పెట్టి దీవించాడు, ఆ తర్వాత కొడుకులందర్నీ పిలిచి నన్ను ఫలానా గుహలో మావాళ్ల దగ్గరే పాతిపెట్టండి అని చెప్పాడు. మీ అమ్మ అడుగుతున్నదీ అదే కదా! స్వస్థత కోసం ప్రార్థన మానేయమని నేననను, చేసుకోండి, కానీ ఆ ప్రార్థన ఆవిడ నోటికి అడ్డం పెట్టకండి. మన సంఘాల్లో ఇదొకటుంది, ఎవరైనా పోతానంటే చాలు పదిమంది చుట్టూచేరి గట్టిగా ప్రార్థించేసి ఆ మాట మింగించేస్తారు, నాకైతే నచ్చదు.

30 ఏళ్లు సండేస్కూల్ చెప్పిన ఆవిడ దగ్గర పిల్లలకి ఇవ్వడానికి ఏముందని రాశారు. తిమోతి వాళ్ల అవ్వ లోయి పేరు బైబిల్లో ఒక్కసారే వస్తుంది, అదీ తిమోతికున్న విశ్వాసం ముందు ఆ అవ్వలో ఉండేదని పౌలు గుర్తుచేసుకుంటే. అమ్మ బైబిల్ తెప్పించి ఏ వాక్యం ఏ కష్టంలో పట్టుకున్నారో అడగండి, నాన్నగారు పోయినప్పుడు ఏటి చదువుకున్నారో, ఆ పేజీ పక్కన తారీకు రాయించండి. చెయ్యి వణికితే ఫోన్లో రికార్డు చెయ్యండి. మనవరాలి పేరు పెట్టి ప్రార్థన చేయించి అదీ రికార్డు చెయ్యండి.

ఇక మీరడిగిన అమ్మ ఇల్లు, 40 సెంట్ల భూమి సంగతి. వీలునామా లేకపోతే భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం, నాన్నగారు లేరు కాబట్టి మీకూ అన్నయ్యకీ సమానంగా వస్తుంది. అమ్మ వేరేలా అనుకుంటే రాయాలి, ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదుగానీ చేయిస్తే మంచిది. ఒకటి మాత్రం మర్చిపోకండి, ఆస్తి వచ్చేవాళ్లు గానీ వాళ్ల భర్త, భార్య గానీ సాక్షి సంతకం పెట్టకూడదు, పెడితే ఆ వాటా చెల్లకుండా పోతుంది, కాబట్టి మీవారిని పెట్టొద్దు.

అన్నయ్యకి ఫోన్‌చేసి చెప్పాలా వద్దా అని వాదించకండి, "అమ్మే చెప్తోందిరా, వచ్చి విను" అనండి చాలు. ఎఫెసు పెద్దలు ఇంక మీ మొహం చూడమా అని పౌలు మెడమీద పడి ఏడ్చారు, ఎవరూ వాళ్లని ఊరుకోమన్లేదు, ఏడ్చి ఓడ దాకా సాగనంపారు. ఈసారి అమ్మ నాన్న పక్కన పెట్టమంటే లేవకండి. "అలాగేనమ్మా, ఆరోజు ఏ పాట పాడమంటావు" అని అడగండి. ఏడుపొస్తే వంటింట్లోకి పోకుండా అక్కడే ఏడవండి.