ఈత అంతంతమాత్రం, వయసు 38. ఎర్ర సముద్రంలో స్కూబా డైవింగ్ మొదలుపెట్టొచ్చా?

మీ ప్రశ్నలో ఉన్నది ఇది: హైదరాబాద్‌లో ఉద్యోగం, ఈత ఏదో వచ్చు, నవంబర్‌లో పది రోజులు ఈజిప్టు వెళ్తున్నారు, బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గుంట, థిసిల్‌గార్మ్ అనే మునిగిన ఓడ రెండూ చూసి రావాలి, కుదురుతుందా?

డైవింగ్ కుదురుతుంది. ఆ రెండూ ఈ ట్రిప్పులో వద్దు. ఎందుకో చెప్పాలంటే నా కథ కొంత చెప్పాలి.

నేను జెద్దాలో మెయింటెనెన్స్ ఇంజనీర్ని. నాలుగేళ్లు కార్నిష్ అనే సముద్రపు ఒడ్డు రోడ్డు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఆ సముద్రాన్ని చూడటమే తప్ప మోకాలు దాటి దిగింది లేదు. మాది పశ్చిమ గోదావరిలో కాలువగట్టు ఊరు. ఈత ఎవరూ నేర్పలేదు, అరటి బోదె పట్టుకుని కాళ్లు కొట్టుకుంటే వచ్చేసింది. మా కాలువ నీళ్లలో కళ్లు తెరిచినా మూసినా ఒకటే, అంతా మట్టి రంగు. అందుకని ముప్పై ఆరేళ్లు వచ్చేదాకా నేను నీళ్లలో కళ్లు తెరిచిన మనిషిని కాదు. ఊపిరి బిగబట్టడం, కళ్లు మూయడం, బుడుంగున మునగడం, అంతే నాకు తెలిసిన ఈత. స్కూబాకి ఈ మూడూ పనికిరావు. ముఖ్యంగా మొదటిది.

మొదటిసారి ఈజిప్టులోని హుర్గదా ఊళ్లో ఒక బోటు మీద ‘ట్రయల్ డైవ్’ చేశాను. బోటు పేరు ఎందుకులెండి. ఐదుగురికి ఒకే ఇన్‌స్ట్రక్టర్. నాకు అప్పటికి రెండు రోజులుగా జలుబు. ‘డబ్బులు కట్టేశాం కదా’ అని దిగాను, మనవాళ్ల బుద్ధి తెలిసిందే. నాలుగు మీటర్లు దిగేసరికి ఎడమ చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టు నొప్పి. ఆయన వేళ్లతో సున్నా చుట్టి ‘ఓకేనా?’ అని అడిగాడు. నేను మనం ‘ఏదోలే, అంత బాగాలేదు’ అన్నప్పుడు ఊపుతామే, అలా తల అటూ ఇటూ ఊపాను. ఆ ఊపుడు మనకి తప్ప ప్రపంచంలో ఎవరికీ అర్థం కాదు. ఆయన ఓకే అనుకుని ఇంకో మూడు మీటర్లు దింపాడు. పైకొచ్చాక పది రోజులు ఆ చెవి నీళ్లు పోసిన బిందెలా ఉంది. కర్ణభేరి చిల్లు పడలేదు కానీ బాగా ఎర్రబడిందని జెద్దాలో ఈఎన్‌టీ డాక్టరు చెప్పి, జలుబుతో దిగినందుకు నాలుగు చీవాట్లు పెట్టాడు.

కాబట్టి మీకు నా మొదటి సలహా, నీళ్లలో తల ఊపకండి. బాగాలేకపోతే అరచేయి చాపి అటూ ఇటూ ఊపాలి, తర్వాత ఎక్కడ బాగాలేదో వేలితో చూపించాలి. చెవి నొప్పి వస్తే దిగడం ఆపి, మీటరు పైకొచ్చి, ముక్కు మూసుకుని ఆ మూసిన ముక్కులోకే మెల్లగా గాలి ఊదాలి. నొప్పి రాకముందే, ప్రతి అర మీటరుకీ ఊదుతూ దిగితే ఇంకా మంచిది. బలంగా ఊదడం తప్పు.

ఏడాది ఆగి, ఈజిప్టులోనే సినాయ్ ఒడ్డున ఉన్న దహబ్ అనే ఊరికి వెళ్లాను. షర్మ్ ఎల్ షేక్ ఎయిర్‌పోర్టు నుంచి కారులో గంటన్నర లోపే. దారంతా గడ్డిపరక లేని సినాయ్ కొండలు, మధ్యలో చెక్‌పోస్టులు, పాస్‌పోర్టు చేతిలోనే పెట్టుకోండి. దహబ్ అంటే అరబీలో బంగారం. నాకు అక్కడ నచ్చింది, బోటు అక్కర్లేకపోవడం. రోడ్డు, టీ కొట్టు, పది అడుగుల గులకరాళ్లు, సముద్రం. గాలి సిలిండర్ వీపున వేసుకుని నడిచి దిగిపోవడమే. నచ్చకపోతే నడిచి వచ్చేయొచ్చు. కొత్తవాడికి ఆ ధైర్యం చాలా పెద్దది.

అక్కడ లైట్‌హౌస్ అనే చోట నాలుగు రోజుల ఓపెన్ వాటర్ కోర్సు, అంటే కొత్తవాళ్ల మొదటి డైవింగ్ కోర్సు చేశాను. మొదటి రోజు గొడవంతా నా మీసంతో. మాస్కు ఎంత బిగించినా ముక్కు కింద నుంచి నీళ్లు కారిపోతున్నాయి. మాస్కు రబ్బరు అంచు చర్మానికి అతుక్కోవాలి, మధ్యలో వెంట్రుకలుంటే అతుక్కోదు. ఇన్‌స్ట్రక్టర్ ఈజిప్షియన్, ఆయనకీ మీసం ఉంది. దగ్గరికొచ్చి చూపించాడు, ముక్కు కింద గీతలా ఒక సన్నటి పట్టీ గొరిగి ఉంది. మొత్తం తీసేయమంటాడేమోనని భయపడ్డాను. నాన్న బతికుండగా మీసం తీయడమేంటని అమ్మ ఊరుకోదు. ఆ పట్టీ ఒక్కటీ గీసుకున్నాను, కారడం ఆగిపోయింది. వీడియో కాల్‌లో ఎవరూ కనిపెట్టలేదు కూడా. మీకు మీసముంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక ఊపిరి సంగతి. స్కూబాలో మొదటి రూలు, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ రొమ్ము నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం. కాలువలో ఇరవై ఏళ్లు ఊపిరి బిగబట్టిన నాకు ఈ అలవాటు మానడానికి రెండు రోజులు పట్టింది. ఏ కాస్త కంగారొచ్చినా గాలి లోపలే ఆగిపోయేది. ఇన్‌స్ట్రక్టర్ నా బుడగలు చూస్తూ ఉండేవాడు. అవి రాకపోతే వేలితో మాస్కు మీద టక్‌మని కొట్టేవాడు.

మూడో రోజు ఐదు మీటర్ల లోతులో ఇసుక మీద మోకాళ్లపై కూర్చుని, మాస్కులో నీళ్లు నింపి ఖాళీ చేసే పాఠం జరుగుతోంది. నా మోకాలి కింద ఇసుక కదిలినందుకు ఒక గడ్డపు చేప వచ్చింది. దాని గడ్డం కింద రెండు మీసాలుంటాయి, వాటితో ఇసుక కెలికి పురుగుల్ని వెతుక్కుంటుంది. నేను వేలితో గీత గీస్తే ఆ గీత వెంటే వచ్చింది. ఇంకోటి గీస్తే దాని వెంట. నాగలి వెనక కొంగ నడిచినట్టు. పాఠం మరిచిపోయి పది నిమిషాలు దానితో ఆడుకున్నాను. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనలేదు. ఆ పది నిమిషాలూ ఊపిరి దానంతట అదే నడిచిందని పైకొచ్చాక చెప్పాడు.

నీళ్ల కింద నిశ్శబ్దం అని అందరూ రాస్తారు కానీ అది నిజం కాదు. పగడాల దగ్గరికి వెళ్తే ఎవరో జంతికలు నములుతున్నట్టు కరకర చప్పుడు. చిలుక చేపలు రాయిని కొరుకుతున్న చప్పుడది. పగడపు రాయి కొరికి, నాచు తిని, మిగతాది పిండిలా విసర్జిస్తాయి. పగడాల మధ్య తెల్లటి ఇసుక చాలా చోట్ల ఆ పిండే. నారింజ రంగు చిన్న చేపలు వందల కొద్దీ గట్టు అంచున ఊగుతుంటాయి. నీలం చుక్కల టేకు చేప ఇసుకలో కళ్లు మాత్రం పైకి పెట్టి పడుకుంటుంది. సింహం చేప రెక్కలు విప్పుకుని తీరిగ్గా తిరుగుతుంది, ముళ్లలో విషం, ముట్టుకోకుండా ఉంటే చాలు. ఇవన్నీ మొదటి పన్నెండు మీటర్ల లోపే. వెలుతురున్నదీ, రంగున్నదీ అక్కడే. లోతుకి వెళ్లేకొద్దీ ముందు ఎరుపు పోతుంది, తర్వాత అన్నీ నీలి బూడిద రంగే. అందుకే లోతు వెంట పడొద్దంటాను.

ఆ నీళ్లు అంత తేటగా ఎందుకుంటాయంటే, ఎర్ర సముద్రంలో కలిసే పెద్ద నది ఒక్కటీ లేదు. చుట్టూ ఎడారి, వాన లేదు, మట్టి కొట్టుకురాదు. మన బంగాళాఖాతంలో గోదావరి, కృష్ణ, పైన గంగ తెచ్చి పోసే ఒండ్రు సంగతి చెప్పక్కర్లేదు. రుషికొండలోనూ స్కూబా చేయిస్తారు, కానీ ఆ చూపు వేరు, ఈ చూపు వేరు. నది లేకపోవడం, ఎండకి ఆవిరవడం వల్ల ఉప్పు కూడా ఎక్కువ, లీటరుకి 40 గ్రాముల దాకా. మామూలు సముద్రాల్లో 35 గ్రాములు. దాంతో మనిషి బాగా తేలతాడు, మునగడానికి నడుముకి సీసం దిమ్మలు కాస్త ఎక్కువ కట్టాలి. అండమాన్‌లో డైవ్ చేసిన మా ఫ్రెండ్ ఎర్ర సముద్రంలోనూ దిమ్మలకి అక్కడి లెక్కే చెప్పి, దిగలేక పావుగంట బాతులా తేలుతూ ఉన్నాడు.

ఇప్పుడు బ్లూ హోల్. దహబ్‌కి ఉత్తరాన, ఒడ్డుని ఆనుకుని వంద మీటర్ల పైచిలుకు లోతున్న గుండ్రటి గుంట. అందులో సుమారు 55 మీటర్ల దగ్గర బయటి సముద్రంలోకి ఒక సొరంగంలాంటి కమాను ఉంది. మామూలు డైవర్ల హద్దు 40 మీటర్లు, మీరు చేయబోయే కోర్సు హద్దు 18. నీళ్లు తేటగా ఉండటమే అక్కడ మోసం. కమాను అవతల వెలుతురు ఇక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ లోతులో, పీల్చే గాలిలోని నైట్రోజన్ వల్ల మత్తెక్కి మనిషికి లెక్క తప్పుతుంది, సిలిండర్లో గాలి మంచినీళ్లలా అయిపోతుంది. ఒడ్డున కొండరాయికి చనిపోయినవాళ్ల పేర్ల పలకలు బిగించి ఉంటాయి. చాలామంది ఇరవైల్లో ఉన్న పిల్లలు. నేను వాటిని చదివి, స్నార్కెల్ (పైన తేలుతూ గాలి పీల్చే గొట్టం) పెట్టుకుని గుంట అంచు మీద అరగంట తేలి వచ్చేశాను. మీరూ అదే చేయండి. లోపలి గోడ కంటే అంచు మీదే పగడాలు బాగుంటాయి.

థిసిల్‌గార్మ్ మాత్రం చూడాల్సిందే, కానీ రెండో ట్రిప్పులో. 1941 అక్టోబర్‌లో జర్మన్ విమానాలు బాంబులేసి ముంచిన బ్రిటిష్ సరుకు ఓడ అది. 30 మీటర్ల లోతులో ఉంది, ప్రవాహం గట్టిగా ఉంటుంది. అడ్వాన్స్‌డ్ కోర్సు అయ్యాక, ఇంకో పాతిక డైవ్‌లు చేసి వెళ్లాను. షర్మ్ నుంచి తెల్లవారుజామునే బోటు బయల్దేరుతుంది. ఓడ లోపల లారీల మీద బీఎస్ఏ మోటార్‌సైకిళ్లు వరసగా, సంక్రాంతి రోజు సినిమా హాలు సైకిల్ స్టాండులో పెట్టినట్టు ఉన్నాయి. హ్యాండిల్ మీద నాచు, సీటు కింద చేప. పక్కన సైనికుల రబ్బరు బూట్ల కుప్ప. అంత చూసినా నాకు ఎక్కువ గుర్తున్నది మాత్రం గాలి మీటరు ముల్లే. కొత్తవాళ్లకి గాలి ఎంత తొందరగా అయిపోతుందో చెప్తే నమ్మరు. సిలిండర్లో గాలిని ‘బార్’ అనే ఒత్తిడి కొలతలో లెక్కేస్తారు, 200 బార్లతో దిగితే 50 మిగలగానే పైకొచ్చి ఉండాలి. నా మొదటి డైవ్‌లో అరగంటకే అయిపోయింది, ఇన్‌స్ట్రక్టర్ సిలిండర్లో సగం పైనే ఉంది.

వారం రోజులు సముద్రంలోనే ఉండే సఫారీ బోట్ల ప్యాకేజీలు మీ ఫోన్‌లో తెగ కనిపిస్తుంటాయి. ఈసారికి వదిలేయండి. 2024 నవంబర్‌లో మర్సా ఆలమ్ దగ్గర ఒకటి మునిగి మనుషులు పోయారు. అన్నీ అలాంటివి కావు, కానీ మంచి బోటేదో చెడ్డదేదో తేల్చుకునే అనుభవం మీకింకా లేదు.

ఇంకో పొరపాటు అందరూ చేస్తారు. దహబ్ నుంచి సినాయ్ కొండకి టూరు ఉంటుంది, రెండు గంటల ప్రయాణం, అర్ధరాత్రి ఎక్కి సూర్యోదయం చూసి దిగుతారు. ఆ శిఖరం 2285 మీటర్లు. పొద్దున డైవ్ చేసి రాత్రికి కొండెక్కడం అంటే డైవ్ చేసి విమానం ఎక్కినట్టే, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు. వరసగా డైవ్‌లు చేశాక విమానానికి కనీసం 18 గంటలు ఆగాలంటారు, నేను పూర్తి రోజు ఆగుతాను. కొండ ముందు, సముద్రం తర్వాత పెట్టుకోండి. వచ్చిన రెండో రోజు కొండ, తర్వాత నాలుగు రోజులు కోర్సు, రెండు రోజులు సరదా డైవ్‌లు, ఆఖరి రోజు పూర్తిగా ఖాళీ.

తిండికి ఇబ్బంది లేదు. తామియా అని బాకలా చిక్కుడు గింజలు రుబ్బి వేయించినవి అమ్ముతారు, మన మసాలా వడకి పెదనాన్న కొడుకు. కొషరీలో అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, వేయించిన ఉల్లిపాయలు అన్నీ కలిపేస్తారు. మొదటి ముద్దకి ‘ఇదేం ఖర్మ’ అనిపిస్తుంది, మూడో రోజుకి వెతుక్కుంటూ వెళ్తారు. కందిపొడి ఒక ప్యాకెట్ ఎలాగూ పెట్టుకుంటారు, పెట్టుకోండి.

నవంబర్ మంచి నెల. నీళ్లు పాతిక డిగ్రీలకి అటూ ఇటూ ఉంటాయి, కానీ దహబ్‌లో గాలి ఆగదు, తడి ఒంటితో బయటికొస్తే వణికిస్తుంది. 5 మిల్లీమీటర్ల మందమున్న రబ్బరు తొడుగు, అంటే వెట్‌సూట్ అడగండి, ఒక తువ్వాలు, చలి టోపీ పెట్టుకోండి. కాళ్లకి రబ్బరు బూటీలు లేకుండా నీళ్లలో అడుగు పెట్టొద్దు, ముళ్ల బంతుల్లాంటి ఉర్చిన్లు రాళ్ల సందుల్లోనే ఉంటాయి.

బయల్దేరే లోపు హైదరాబాద్‌లో రెండు పనులున్నాయి. కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదమంటారు, టైమ్ లిమిట్ లేదు, ఏ ఈతైనా పర్లేదు. తర్వాత పది నిమిషాలు తేలాలి. వారానికి మూడు రోజులు స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తే రెండు నెలల్లో వచ్చేస్తుంది. రెండోది, ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లి చెవులు చూపించుకోండి. అక్కడ ఇచ్చే మెడికల్ ఫారంలో బీపీ, ఆస్తమా లాంటి ప్రశ్నలుంటాయి. వాటిలో కొన్నింటికి ‘అవును’ అని రాస్తే డాక్టరు సంతకం లేకుండా దింపరు, దింపకూడదు కూడా. ఆ ఫారం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఇక్కడే సంతకం పెట్టించుకుని వెళ్లండి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ఉండకపోవచ్చు, పాలసీ కాగితం చదవండి. వెళ్లేటప్పటికి జలుబు చేస్తే మాత్రం ఒకటి రెండు రోజులు పోయినా సరే, ఒడ్డున టీ తాగుతూ కూర్చోండి.