ఓఎన్‌జీసీలో ఒకే డిగ్రీ ఉన్న ఇంజనీర్ల జీతాల్లో అంత తేడా ఎందుకు?

రాజమండ్రిలో ఇద్దరూ బీటెక్కే, ఇద్దరూ ఓఎన్‌జీసీ పనే చేస్తున్నారు, మరి జీతం ఒకటి కాదేం అని కదా మీరడిగింది. డిగ్రీ సంగతి పక్కన పెట్టండి, జీతం ఎవరిస్తున్నారో చూడండి. గేట్ అనే జాతీయ ఇంజనీరింగ్ పరీక్ష స్కోరుతో ఈ1 గ్రేడులో, అంటే మొదటి మెట్టు ఆఫీసరుగా, చేరినవాళ్లకి 2017 జీతాల సవరణ ప్రకారం నెలకి బేసిక్ 60,000 నుంచి మొదలై 1,80,000 దాకా వెళ్తుంది, దాని మీద డీఏ, ఇంటద్దె, బేసిక్‌లో 35 శాతం దాకా పెర్క్స్ (అదనపు అలవెన్సులు), ఏటా 3 శాతం ఇంక్రిమెంటు. అదే ఓఎన్‌జీసీ ఆవరణలో కాంట్రాక్టరు తరఫున పనిచేసే కుర్రాడికి ఈ స్కేలేదీ వర్తించదు, ఆ కాంట్రాక్టరుతో ఎంతకి కుదిరితే అంతే (పెళ్లిచూపుల్లో మాత్రం ఇద్దరూ ఓఎన్‌జీసీ ఇంజనీర్లే!). రెగ్యులర్‌వాళ్లలో సీనియారిటీ తేడా ఎలాగూ ఉంటుంది, దానికి తోడు కోనసీమలో రిగ్గు (బావులు తవ్వే యంత్రం) మీద షిఫ్టులు చేసేవాళ్లకి ఫీల్డు అలవెన్సు కలుస్తుంది, బేస్ ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాళ్లకి అది రాదు.