అమ్మ మెడలో బటన్ వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేం బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటాం. మా అమ్మకు 71 ఏళ్లు, ఇన్సులిన్ తీసుకుంటుంది. పోయిన నెల మధ్యాహ్నం షుగర్ పడిపోయి, బాత్రూంలో జారి, పనమ్మాయి వచ్చేదాకా గంటకు పైగా అక్కడే ఉండిపోయింది. ఫోనేమో హాల్లో ఉంది. నేనూ మా ఆయనా ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. మా ఆయన స్మార్ట్‌వాచ్ కొందామంటున్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య మెడలో వేసుకునే ఎస్ఓఎస్ బటన్ (ఆపదలో నొక్కితే సాయానికి కాల్ వెళ్లేది) పంపిస్తానంటున్నాడు. అమ్మకు తెలుగు తప్ప ఏ భాషా రాదు. ఏది మంచిది?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు మీ అన్నయ్యను ఆపండి. అక్కడ నెలనెలా చందా కట్టి వాడే బటన్లు అక్కడి నెట్‌వర్క్‌కు, అక్కడి కాల్ సెంటర్‌కు ముడిపడి ఉంటాయి, రామమూర్తి నగర్‌లో నొక్కితే పలికేవాళ్లుండరు. ఆ డబ్బేదో ఇక్కడికే పంపమనండి.

వాచీయా, బటనా అని మీ ఇంట్లో వాదించుకుంటున్నారు గానీ, అసలు తేల్చుకోవాల్సింది అమ్మ నొక్కాక పదిహేను నిమిషాల్లో మీ గుమ్మం ముందు ఎవరుంటారన్నది. మీ ఆఫీసు ఎక్కడో రాయలేదు, ఎక్కడైనా సరే, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని మొదటి కాల్ పక్కింటావిడకో కింద సెక్యూరిటీకో వెళ్లాలి, ఆ తర్వాతే మీకు. అన్నయ్య నంబరు పెట్టొద్దు, మన మధ్యాహ్నం వాళ్లకు నడిరాత్రి. ఇంకోటి, పగలు ఒంటరిగా ఉన్నప్పుడు పెద్దవాళ్లు తలుపుకు లోపల గడియ పెట్టేసుకుంటారు. ఎంతమంది పరుగెత్తుకొచ్చినా బయట నిలబడాల్సిందే! గడియ మానిపించి, బయటి నుంచి తాళంచెవితో తీసే లాక్ పెట్టించి, ఒక చెవి పక్కింట్లో ఇవ్వండి.

ఇప్పుడు వాచీ. కిందపడితే తనంతట తనే గుర్తుపట్టే వాచీలున్నాయి, ఆపిల్ వాచ్‌లో 2018లో వచ్చిన సిరీస్ 4 నుంచీ ఈ సదుపాయం ఉంది, పడ్డాక నిమిషం పాటు కదలకపోతే అదే ఎమర్జెన్సీకి కాల్ చేస్తుంది. బాగానే ఉంది. కానీ దానికి పక్కన ఐఫోన్ ఉండాలి, లేదా సిమ్‌తో పనిచేసే మోడల్ కొనాలి, పైగా రోజూ ఛార్జింగ్. గోడ పట్టుకుని మెల్లగా జారి కూర్చుండిపోతే ఏ వాచీ అయినా దాన్ని పడిపోవడంగా లెక్కపెట్టకపోవచ్చు, షుగర్ డౌన్ అయినవాళ్లు అలా కూడా పడొచ్చు.

అందుకే నా ఓటు సిమ్ వేసుకునే మామూలు బటన్‌కి. నొక్కితే మూడు నంబర్లకు వరసగా కాల్ వెళ్లాలి, అందులోంచే మాట్లాడగలగాలి, స్నానం చేస్తున్నప్పుడూ తీయక్కర్లేకుండా నీళ్లను తట్టుకోవాలి. ఐపీ67 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవదని అర్థం. చవకవాటిలో కొన్ని పాత 2జీ నెట్‌వర్క్ మీద మాత్రమే నడుస్తాయి, వాటిలో జియో సిమ్ వేస్తే పనిచేయదు, జియోకి 2జీ లేదు. వైఫై మీద నడిచేదైతే కరెంటు పోగానే అదీ పోతుంది, రౌటర్‌కి యూపీఎస్ ఉంటే తప్ప. నెలకింత అని కట్టించుకుని కాల్ సెంటర్ పెట్టే కంపెనీలూ ఉన్నాయి. డబ్బు కట్టేముందు అమ్మ చేతే నొక్కించి తెలుగులో మాట్లాడించి చూడండి, అటువైపు తడబడితే వదిలేయండి.

అయితే మీ అమ్మ విషయంలో ఒక తిరకాసుంది. షుగర్ పడిపోతుంటే ముందు పోయేది బుర్రే, మెడలో బటన్ ఉన్నా నొక్కాలని తోచదు. కాబట్టి డాక్టర్‌ను అడగాల్సినవి రెండు: ఇన్సులిన్ డోసూ భోజనం వేళలూ మార్చాలా అని, షుగర్‌ను ఎప్పటికప్పుడు చూసే, చేతికి అంటించే సెన్సర్ పెట్టొచ్చా అని. ఆ సెన్సర్లలో అలారం ఉన్నది తీసుకుంటే, షుగర్ దిగుతుండగానే మోగుతుంది, మీ ఫోన్‌కీ కబురొచ్చేలా పెట్టుకోవచ్చు. ఖర్చు తక్కువేం కాదు, ఒక్కో సెన్సర్ సాధారణంగా రెండు వారాలే వస్తుంది, కానీ మీకు బటన్ కంటే ఇదే ఎక్కువ అవసరం అనిపిస్తోంది. షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దని పక్కింటావిడకు కూడా చెప్పి ఉంచండి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. తలుపు వెనక ఒక కాగితం మీద అడ్రసు, పక్కన ఏముందో, అమ్మ వాడే మందులేమిటో కన్నడంలో రాయించి అంటించండి, టెన్షన్‌లో ఎవరికీ ఏదీ గుర్తురాదు.

మా పెద్దమ్మకు కొనిచ్చిన బటన్ ఏడాది పాటు పూజగది మేకుకే వేలాడింది. మెడలో వేసుకుంటే బీరువా తాళంచెవి కట్టుకున్నట్టుందని ఆవిడ గొడవ. పైగా సిమ్ రీఛార్జ్ అయిపోయి నాలుగు నెలలైందని ఎవరికీ తెలీదు, మేకు మీద ఉన్నా మెడలో ఉన్నా ఒకటే అయ్యేది. మెడలోదా, చేతికి కట్టుకునేదా మీ అమ్మనే ఎంచుకోమనండి, నెలకోసారి నొక్కి చూడండి. ఇంకొక బటన్ దొరికితే బాత్రూం గోడకు నేలనుంచి జానెడున్నర ఎత్తులో అంటించండి, పడినవాళ్లకు అందేది అంతవరకే. బాత్రూం లోపలి గడియ కూడా ఈ ఆదివారమే ఊడదీయించేయండి.